69 వేల నుంచి 41 వేలకు: సీట్లు తగ్గించుకుని బాగుపడ్డ యువెంటస్ కేసు

కొత్త స్టేడియం మాట రాగానే మన దగ్గర అందరూ ముందు అడిగేది "ఎంతమంది పడతారు?" అనే. సీటింగ్ ప్లాన్లు, మ్యాచ్ టికెట్ల అమ్మకం నా పని కాబట్టి ఈ ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. అడిగేవాళ్లకు పెద్ద అంకె వినాలని ఉంటుంది. అలాంటప్పుడు నేను వాళ్ల ముందు పెట్టే కేసు ఇటలీలోని టూరిన్ నగరానిది. దేశంలో అందరికంటే ఎక్కువ అభిమానులున్న యువెంటస్ క్లబ్బు, 69 వేల మంది పట్టే స్టేడియాన్ని కూలగొట్టి అదే చోట 41 వేల సీట్లతో కొత్తది కట్టుకుంది. తొలి ఏడాదిలోనే మ్యాచ్ రోజు ఆదాయం రెండున్నర రెట్లు దాటింది. ఇది ఎలా జరిగిందో, ఇందులో స్టేడియం పాత్ర ఎంతో, ఎవరు నష్టపోయారో వివరంగా రాస్తున్నాను.

పాత స్టేడియం

1990 వరల్డ్ కప్ ఇటలీకి వచ్చినప్పుడు టూరిన్ వాయవ్య శివార్లలో స్తాదియో దెల్లె ఆల్పి కట్టారు. యజమాని నగరపాలక సంస్థ. ఊళ్లోని రెండు పెద్ద క్లబ్బులు, యువెంటస్, టొరినో, తమ పాత కొమునాలె స్టేడియం వదిలి ఇక్కడ అద్దెకు చేరాయి. వరల్డ్ కప్‌లో బ్రెజిల్ ఆడిన మ్యాచ్‌లన్నీ ఇక్కడే జరిగాయి. జులై 4న పశ్చిమ జర్మనీ, ఇంగ్లండ్ సెమీఫైనల్‌కి 62 వేల మందికి పైగా వచ్చారు. ఆ ఒక్క నెల చూసినవాళ్లకు ఈ స్టేడియంలో ఏ లోపమూ కనిపించి ఉండదు.

లీగ్ మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. మైదానం చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంది. పక్కన వార్మప్ ట్రాక్ లేకపోవడంతో పెద్ద అథ్లెటిక్స్ పోటీలు అక్కడ జరగలేదు. అంటే పరుగు పందేల కోసం వదిలిన స్థలం పరుగు పందేలకూ పనికిరాలేదు, ఫుట్‌బాల్ చూసేవాళ్లను మాత్రం దూరం నెట్టేసింది. కింది వరసల్లో కూర్చున్నవాళ్లకు ప్రకటన బోర్డులు అడ్డం. శీతాకాలంలో ఆల్ప్స్ వైపు నుంచి వచ్చే చలి సరేసరి.

యువెంటస్‌కీ స్టేడియం యాజమాన్యానికీ మధ్య పొసగక, 1995లో యుయెఫా కప్ (యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్లో, ఒక్కో జట్టు ఊళ్లో ఒకటి చొప్పున ఆడే రెండు మ్యాచ్‌లలో తమ సొంత మ్యాచ్‌ని క్లబ్బు మిలాన్ తీసుకెళ్లి శాన్ సీరోలో ఆడింది. అక్కడికి 80 వేల మందికి పైగా వచ్చారు. సొంత ఊళ్లో అయిదేళ్ల కిందటే కట్టిన స్టేడియం ఉండగా, దాదాపు 140 కిలోమీటర్ల దూరంలోని పక్క ఊరికి వెళ్లి "హోమ్" మ్యాచ్ ఆడటం ఎంత పెద్ద విషయమో టికెటింగ్‌లో ఉన్నవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

గోల్ వెనక 36 మీటర్లు

ఇక్కడ కొంచెం కొలతల్లోకి వెళ్లక తప్పదు. 400 మీటర్ల ప్రామాణిక ట్రాక్‌లో నేరుగా ఉండే రెండు వైపులూ 84.39 మీటర్ల చొప్పున ఉంటాయి, వంపుల వ్యాసార్థం 36.5 మీటర్లు. ఆ లెక్కన ట్రాక్ లోపలి ఖాళీ పొడవు 157 మీటర్ల చిల్లర. అందులో 105 మీటర్ల ఫుట్‌బాల్ మైదానం పెడితే ఒక్కో గోల్ లైన్ వెనక 26 మీటర్లు మిగులుతుంది. ఎనిమిది లేన్ల ట్రాక్, లేనుకు 1.22 మీటర్లు, అంటే ఇంకో పది మీటర్లు కలుస్తుంది. ఇలాంటి స్టేడియంలో గోల్ వెనక మొట్టమొదటి వరసలో కూర్చున్నా దగ్గరి గోల్ లైన్ 36 మీటర్ల దూరం. అవతలి గోల్ 141 మీటర్లు. వెనక వరసలకు, పై అంతస్తుకు పోయేకొద్దీ ఇంకా దూరం. పక్క స్టాండ్లకు ఇంత బాధ లేదు. అటు టచ్‌లైన్ (మైదానం పొడుగు వైపు గీత) నుంచి ట్రాక్ దాటడానికి 12 మీటర్ల చిల్లర సరిపోతుంది.

అంటే ట్రాక్ వల్ల అందరూ సమానంగా నష్టపోరు, దెబ్బంతా గోల్ వెనక స్టాండ్ల మీదే పడుతుంది. ఇటలీలో ఆ స్టాండ్లను కుర్వ అంటారు. టికెట్ చవక. జెండాలు పట్టుకుని తొంభై నిమిషాలూ పాడేవాళ్లు, ఎండనకా వాననకా ప్రతి మ్యాచ్‌కీ వచ్చేవాళ్లు అక్కడే నిలబడతారు. స్టేడియానికి ఊపు తెచ్చేవాళ్లకే అన్నిటికంటే చెడ్డ సీటు దక్కింది.

ఇదే లోపం డిజైన్ కాగితాల్లో కనిపించకపోవడం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. స్టేడియం ప్లాన్ పరీక్షించేటప్పుడు మేం సి విలువ అనే కొలత చూస్తాం. వెనక వరసవాడి చూపు, ముందు వరసవాడి కళ్ల మీదుగా ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున వెళ్తోంది అన్నదే ఆ కొలత. 12 సెంటీమీటర్లుంటే చాలా బాగున్నట్టు, 9 ఉంటే బాగున్నట్టు, 6 కంటే తగ్గకూడదు. మైదానం నుంచి స్టాండ్‌ని దూరం జరిపేకొద్దీ చూపు వాలు తగ్గుతుంది, అవే మెట్లతో ఈ విలువ పెరుగుతుంది. కాబట్టి ట్రాక్ ఉన్న స్టేడియానికి దృష్టి రేఖల రిపోర్టు చక్కగా పాసవుతుంది. ముందువాడి తల అడ్డం రాదు, కానీ అవతలి పెనాల్టీ బాక్సులో బంతిని ఎవరు తన్నారో తెలియదు. సీటుకు అడ్డంకి లేకపోవడం వేరు, ఆట అందడం వేరు. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి ప్లాన్‌లోనూ సి విలువ పక్కన, ప్రతి బ్లాకు నుంచి రెండు గోల్స్‌కూ ఉన్న దూరం కూడా రాయమని పట్టుబడతాను.

గెలుస్తున్నా ఖాళీ

జట్టు ఆడకపోతే జనం రారు అనేది అందరూ చెప్పే కారణం. దెల్లె ఆల్పి కాలంలో యువెంటస్ విషయంలో ఆ మాట నిలవదు. 1995, 1997, 1998, 2002, 2003ల్లో లీగ్ గెలిచింది. 1996లో చాంపియన్స్ లీగ్ గెలిచి, ఆ తర్వాత రెండేళ్లూ మళ్లీ ఫైనల్ చేరింది. జిదాన్, దెల్ పియెరో, నెద్వెద్ లాంటివాళ్లు ఆడిన రోజులవి. అయినా పెద్ద ప్రత్యర్థులు వచ్చిన రోజులు తప్పితే సీట్లు బోలెడు ఖాళీ. 2001-02 సీజన్‌లో కోప్పా ఇటాలియాలో (లీగ్ కాకుండా జరిగే ఇటలీ కప్ పోటీ) సంప్దోరియాతో జరిగిన మ్యాచ్‌కి వచ్చింది 237 మంది.

237 అనే అంకె చూసి నవ్వేసి ఊరుకోకూడదు. అంతమంది కోసం కూడా గేట్లు తెరవాలి, లైట్లు వేయాలి, సెక్యూరిటీని, వైద్య సిబ్బందిని పెట్టాలి. పెద్ద స్టేడియంలో జనం ఉన్నా లేకపోయినా ఇలాంటి స్థిర ఖర్చు పెద్దగా తగ్గదు.

ఎందుకు రాలేదన్నదానికి దూరంతో పాటు ఇంకో బలమైన కారణం ఉంది. యువెంటస్ అభిమానులు ఎక్కువమంది టూరిన్‌లో ఉండరు. దక్షిణ ఇటలీ అంతటా, సిసిలీలో, కలాబ్రియాలో, పక్కనే ఉన్న లొంబార్దీలో పరుచుకుని ఉన్నారు. టూరిన్‌లోని ఫియట్ కార్ల ఫ్యాక్టరీల్లో పనికి దక్షిణాది నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఈ క్లబ్బును తమదిగా చేసుకున్నాయి, ఆ బంధం వాళ్ల సొంతూళ్లకూ పాకింది. అలాంటి అభిమాని ఏడాదికి ఒకటి రెండు సార్లు రైలెక్కి వస్తాడు, అదీ మిలాన్‌తోనో ఇంటర్‌తోనో మ్యాచ్ ఉంటే. మిగతా మ్యాచ్‌లు, 1990ల్లో పే టీవీ వచ్చాక, ఇంట్లోనే చూస్తాడు. దేశంలో లక్షల అభిమానులున్నారన్న లెక్కతో సీట్లు వేస్తే ఇలాంటి ఫలితమే వస్తుంది. అభిమానుల సంఖ్య వేరు, ఆదివారం మధ్యాహ్నం స్టేడియానికి గంటలో చేరగల అభిమానుల సంఖ్య వేరు.

సినిమా థియేటర్ల సంగతి మనకు తెలిసిందే. పెద్ద హీరో సినిమా బెనిఫిట్ షోకి ఎగబడే జనాన్ని చూసి ఎవరూ థియేటర్ కట్టరు, మూడో వారం మంగళవారం మ్యాట్నీకి ఎంతమంది వస్తారో చూసి కడతారు. స్టేడియం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం బెనిఫిట్ షోనే లెక్కలోకి తీసుకుంటాం.

ఇంకో చెడ్డ పర్యవసానం సీజన్ టికెట్ మీద పడుతుంది. ఎప్పుడు వెళ్లినా సీటు దొరుకుతుందని తెలిస్తే ఏడాది డబ్బు ముందే ఎవరు కడతారు? మ్యాచ్ రోజు వాన పడితే మానేస్తాడు. క్లబ్బుకు చేతిలో ముందస్తు డబ్బు ఉండదు, ఏ మ్యాచ్‌కి ఎంత వస్తుందో అంచనా ఉండదు. సీటు దొరకదేమో అన్న టెన్షన్ కొంచెమైనా ఉంటేనే సీజన్ టికెట్‌కు విలువ.

నిర్ణయం, డబ్బు

2003లో యువెంటస్ దెల్లె ఆల్పి స్థలం మీద 99 ఏళ్ల హక్కును నగరపాలక సంస్థ నుంచి 2.5 కోట్ల యూరోలకు తీసుకుంది. ఇదే ఈ కేసులో అసలు మలుపు అంటాను. ఇటలీలో అప్పటికి పెద్ద క్లబ్బులన్నీ మునిసిపాలిటీల, లేదా ఇతర ప్రభుత్వ సంస్థల స్టేడియాల్లో అద్దెకున్నవే. అద్దెకున్నవాడు ట్రాక్ తవ్వలేడు, స్టాండ్ ముందుకు జరపలేడు.

2006లో క్లబ్బు దెల్లె ఆల్పిని వదిలేసింది. 2008 మార్చిలో కొత్త స్టేడియానికి బోర్డు ఆమోదం ఇచ్చింది, ఆ ఏడాది చివర్లో కూల్చివేత మొదలైంది. ఖర్చు 15 కోట్ల యూరోల పైచిలుకు. డబ్బు సమకూర్చిన తీరు చూడాలి. స్టేడియం పేరు, కొన్ని ప్రచార హక్కులను స్పోర్ట్‌ఫైవ్ సంస్థకు 7.5 కోట్లకు అప్పగించారు. పక్కనే వచ్చే షాపింగ్ ప్రాంతాన్ని ఒక రిటైల్ గ్రూపుకు 2 కోట్లకు పైగా అమ్మారు. మిగతాది ప్రధానంగా క్రీడా రుణాలిచ్చే ప్రభుత్వ బ్యాంకు నుంచి తెచ్చారు. 28 వేల సీట్లు తగ్గించుకోవడం వల్లే ఆ స్థలంలో షాపింగ్‌కు, మ్యూజియానికి చోటు మిగిలింది.

కొత్త స్టేడియంలో మొదటి వరస మైదానానికి 7.5 మీటర్లు. మధ్యలో కంచె లేదు, ట్రాక్ లేదు. పాత స్టేడియం స్టీలు, కాంక్రీటు కొంత మళ్లీ వాడారు. 2011 సెప్టెంబర్ 8న ప్రారంభ మ్యాచ్‌కి ఇంగ్లండ్ నుంచి నాట్స్ కౌంటీని పిలిచారు. 1903లో యువెంటస్‌కి ఇంగ్లండ్ నుంచి వచ్చిన నలుపు తెలుపు చారల చొక్కాలు ఆ క్లబ్బు తరహావే. అంత పెద్ద వేడుకకు చిన్న డివిజన్ జట్టును గుర్తుపెట్టుకుని పిలవడం నాకు చాలా నచ్చిన విషయం.

మధ్యలో అయిదేళ్లు

ఈ కేసు చెప్పేవాళ్లు చాలామంది 2006 నుంచి 2011 వరకు ఉన్న కాలాన్ని దాటేస్తారు. నాకు మాత్రం అదే అన్నిటికంటే విలువైన భాగం. ఆ అయిదేళ్లూ యువెంటస్ పాత కొమునాలెలో ఆడింది. 2006 శీతాకాల ఒలింపిక్స్ కోసం దాన్ని బాగుచేసి ఒలింపికో అని పేరు మార్చారు. సామర్థ్యం 28 వేల లోపు. సీట్లు తగ్గిస్తే చాలు స్టేడియం నిండుతుందనే వాదన నిజమైతే, అక్కడ ప్రతి మ్యాచ్ హౌస్‌ఫుల్ కావాలి. కాలేదు. 2010-11లో సగటు హాజరు 22 వేల దగ్గర ఆగింది.

మ్యాచ్‌ల ఫలితాలను ప్రభావితం చేశారన్న కుంభకోణంలో 2006లో క్లబ్బు రెండో డివిజన్‌కు పడిపోయింది. పైకి వచ్చాక కూడా 2010, 2011ల్లో ఏడో స్థానంతో సరిపెట్టుకుంది.

మూడు దశలనూ పక్కపక్కన పెడితే, దెల్లె ఆల్పిలో గెలిచే జట్టు ఉంది, స్టేడియం దూరంగా, అతి పెద్దగా ఉంది, నిండలేదు. ఒలింపికో చిన్నదే, జట్టు బలహీనం, నిండలేదు. 2011 తర్వాత చిన్న స్టేడియం, దగ్గరి సీట్లు, గెలిచే జట్టు మూడూ కలిశాయి, నిండింది. ఆంటోనియో కోంతె కోచ్‌గా వచ్చిన ఆ తొలి సీజన్‌లోనే యువెంటస్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఓడకుండా చాంపియన్ అయింది, దాంతో కలిపి వరుసగా మొత్తం తొమ్మిది టైటిళ్లు గెలిచింది. కాబట్టి ఘనతంతా స్టేడియానిదే అనడం సరికాదు. సీట్ల సంఖ్య తగ్గించడం ఒక్కటే మందు కాదని ఒలింపికో చెబుతోంది. గెలుపు ఒక్కటే మందు కాదని దెల్లె ఆల్పి చెబుతోంది. నా అంచనాలో ఈ రెంటికంటే ముఖ్యమైనది మైదానానికీ మనిషికీ మధ్య తగ్గిన దూరం.

ఫలితం

2011-12లో లీగ్ సగటు హాజరు 37 వేలు దాటింది. సీజన్ టికెట్లు 24 వేలకు పైగా అమ్ముడయ్యాయి, మరుసటి ఏడాది ఇంకా పెరిగాయి. మ్యాచ్ రోజు ఆదాయం 2010-11లో 1.16 కోట్ల యూరోలు ఉన్నది 2011-12లో 3.18 కోట్లైంది. ఆ ఏడాది యూరప్ పోటీలు ఏవీ లేకుండానే ఇంత వచ్చిందన్నది గమనించాలి. సగం కంటే ఎక్కువ సీట్లు సీజన్ మొదలవకముందే అమ్ముడైతే మ్యాచ్ మ్యాచ్‌కీ అమ్మాల్సినవి సుమారు 17 వేలే మిగులుతాయి. టికెటింగ్ విభాగానికి ఇంతకంటే పెద్ద ఊరట లేదు.

ఎవరికి నష్టం

సీట్లు కొరతైతే ధర పెరుగుతుంది. 2018లో సీజన్ టికెట్ల ధర సగటున 30 శాతం దాకా పెంచినప్పుడు కుర్వలోని అభిమానులు తీవ్రంగా నిరసించారు, పాటలు ఆపేశారు. స్టేడియం నిండుగా ఉండి మూగగా ఉన్న మ్యాచ్‌లవి. దెల్లె ఆల్పిలో చవక సీటు దొరికేది, చూపు దొరికేది కాదు. ఇక్కడ చూపు బాగుంది, సీటు కొనే స్తోమత అందరికీ లేదు.

బ్లాక్‌లో టికెట్ల సమస్య కూడా కొరతతోనే వచ్చింది. అభిమాన సంఘాలకు పరిమితికి మించి టికెట్లు అమ్మిన వ్యవహారంలో 2017 సెప్టెంబర్‌లో ఇటలీ ఫుట్‌బాల్ ఫెడరేషన్ కోర్టు క్లబ్బు అధ్యక్షుడు ఆండ్రియా అన్యెల్లిని ఏడాది పాటు సస్పెండ్ చేసింది. డిసెంబర్‌లో అప్పీలుపై ఆ శిక్ష తగ్గింది, క్లబ్బుకు జరిమానా పెరిగింది. చిన్న స్టేడియం కట్టేవాళ్లు టికెట్ ఎవరి చేతికి వెళ్తోందో చూసే వ్యవస్థను కూడా మొదటి రోజు నుంచే కట్టుకోవాలి.

41 వేలు మరీ తక్కువన్న విమర్శలోనూ నిజముంది. మిలాన్‌లోని శాన్ సీరోలో ఇంటర్, మిలాన్ రెండు క్లబ్బులూ ఈమధ్య సీజన్లలో 70 వేలకు పైగా సగటు చూశాయి. జర్మనీలోని డోర్ట్‌ముండ్ జనాభా సుమారు 6 లక్షలే, అయినా అక్కడి 81 వేల స్టేడియం ప్రతి మ్యాచ్‌కీ దాదాపు నిండుతుంది. అక్కడ అభిమానులు ఆ చుట్టుపక్కల రూర్ ప్రాంతంలోనే ఉన్నారు, గోల్ వెనక 24 వేల మందికి పైగా నిలబడే స్టాండ్ మైదానానికి ఆనుకుని ఉంది, టికెట్ చవక. పెద్ద స్టేడియం దానంతటది తప్పు కాదు. ఎవరి కోసం, ఎంత దూరంలో, ఏ ధరకు అన్నది తేల్చకుండా పెద్దది కట్టడం తప్పు.

ధర సంగతికి ఇదే స్టేడియంలో ఒక మంచి రుజువుంది. 2019 మార్చి 24న యువెంటస్ మహిళల జట్టు ఫియొరెంటినాతో ఇక్కడ ఆడింది. ప్రవేశం ఉచితం. 39,027 మంది వచ్చారు. ఇటలీలో మహిళల క్లబ్ మ్యాచ్‌కి అప్పటికి అదే రికార్డు.

హాజరు అంకెను ఎలా చదవాలి

హాజరు అని ప్రకటించే అంకెలో మూడు వేర్వేరు సంఖ్యలు కలిసిపోతుంటాయి: డబ్బిచ్చి కొన్నవి, ఊరికే పంచిన పాసులు, గేటు దగ్గర నిజంగా స్కాన్ అయినవి. సీజన్ టికెట్ ఉన్నవాడు ఇంట్లో కూర్చున్నా చాలాచోట్ల వచ్చినట్టే లెక్క. 2018లో బీబీసీ పోలీసుల నుంచి, స్థానిక సంస్థల నుంచి తెప్పించిన లెక్కల్లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు చాలావాటి ప్రకటిత హాజరు కంటే అసలు వచ్చినవాళ్లు తక్కువని తేలింది. యువెంటస్ సగటును కూడా నేను ఈ జాగ్రత్తతోనే చదువుతాను. ఆదాయం అంకె మాత్రం అబద్ధమాడదు, అందుకే దాన్నే ముందు చూశాను.

మన హైదరాబాద్ లెక్క

గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం పేరులోనే అథ్లెటిక్ అని ఉంది, చుట్టూ ట్రాక్ ఉంది, సామర్థ్యం 30 వేల దాకా. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 నుంచి ఇక్కడ ఆడింది. జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన 2021-22 సీజన్ మొత్తం కోవిడ్ వల్ల గోవాలోనే జరిగింది. అంటే టైటిల్ గెలిచిన ఏడాది సొంత ఊరి జనానికి ఒక్క హోమ్ మ్యాచ్ కూడా లేదు. గెలుపు ఊపుని గేటు దగ్గరికి తెచ్చుకునే అవకాశం అలా పోయింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయింది. ఇటు ఐ-లీగ్‌లో (దేశంలో రెండో స్థాయి లీగ్) ఆడిన హైదరాబాద్ క్లబ్బు శ్రీనిధి దక్కన్ ఊరవతల చిన్న మైదానం ఎంచుకుంది. ఆ ఎంపిక సరైనదే అని నా అభిప్రాయం.

గచ్చిబౌలి ట్రాక్ తవ్వేయమని నేననను. మన అథ్లెట్లకు అది కావాలి. కానీ అక్కడ మళ్లీ క్లబ్ ఫుట్‌బాల్ వస్తే, ముప్పై వేల సీట్లకూ టికెట్లు పెట్టడం మానాలి. టచ్‌లైన్ పక్క స్టాండ్లలో ఒక వైపు మాత్రమే తెరిచి, టీవీ కెమెరాకు ఎదురుగా ఉండే వైపు ముందు నింపాలి. పాటలు పాడే బృందాలకు గోల్ వెనక కాకుండా మైదానం మధ్య గీతకు దగ్గరి బ్లాకు చవక ధరకే ఇవ్వాలి. ఉచిత పాసులకు వేరే రంగు బార్‌కోడ్ పెట్టి, ప్రతి మ్యాచ్ తర్వాత అమ్మినవి, పంచినవి, స్కాన్ అయినవి బ్లాకు వారీగా విడివిడిగా రాసుకోవాలి. వరుసగా మూడు మ్యాచ్‌లు ఆ బ్లాకులు పూర్తిగా అమ్ముడయ్యాకే తర్వాతి స్టాండ్ గేటు తెరవాలి.